మూసిన తల్లివాకిలి

వేట అంటే విల్లు ఎక్కుపెట్టి బాణం వదలడమేనని అనుకునేవాళ్లు వేటమాంసం తిన్నవాళ్లే గాని వేట ఎరిగినవాళ్లు కారు. బాణం వదలడానికి ఒక్క క్షణం చాలు. దానికి ముందు నెల రోజుల పని ఉంటుంది. శిఖరావతి రాజ్యంలో ఆ నెల రోజుల పనీ తరతరాలుగా ఒకే ఇంటివాళ్లు చేస్తున్నారు. ఇప్పుడా ఇంటికి పెద్ద, మహారాజు శరభకేతు కొలువులో వేటనాయకుడు, భైరిసింగడు.

ఎండాకాలం వేటకు నీటిగుంటల పక్కన గోతులు తవ్వి, కొమ్మలు కప్పి మాటు వేయాలి. కాలిన బండల మీద కుక్కలు పరుగెత్తలేవు కనుక వాటి పాదాలకు తోలుముక్కలు కట్టాలి. వానాకాలం వేటకు వలలు తడిసి బరువెక్కకుండా ఇప్పనూనె పట్టించాలి, వింటినారికి మైనం రుద్దాలి. చలికాలం వచ్చిందంటే మనిషి కంటికంటే కుక్క ముక్కే దిక్కు. మృగాలను తరిమే తప్పెటలను నిప్పుల దగ్గర కాచి ఉంచుకోవాలి, లేకపోతే మంచుకు తోలు మెత్తబడి మోగదు.

మూడు కాలాలకూ కలిపి ఒక కట్టుబాటు ఉంది. అడవిని వలలతో ఎంత చుట్టినా, ఒక చోట రెండు విల్లుల వెడల్పున ఖాళీ వదలాలి. చూలుతో ఉన్నవీ, పిల్లలున్నవీ ఆ దారిన వెళ్లిపోతాయి. దాన్ని తల్లివాకిలి అంటారు. ఎండాకాలంలో అది నీటి వైపు, వానాకాలంలో మెరక వైపు, చలికాలంలో పొద్దుపొడుపు వైపు. ఆ వాకిలి దాటిన మృగం మీద బాణం వేసినవాడు మహారాజైనా సరే, ఇక జన్మలో విల్లు పట్టకూడదు. కాలానికి ఒక్కటే రాజవేట, వేటకు ఒక్కటే తల్లివాకిలి. శిఖరావతిలో చంటిపిల్లలకు కూడా తెలిసిన సంగతి ఇది.

ఈ ఏడు రెండు వేటలు అయిపోయాయి. మూడోది, చలికాలపు వేట, ఇంకో పది రోజులుంది. భైరిసింగడు వలల కొట్టంలో కూర్చుని ముడులు పరీక్షిస్తున్నాడు. వేలికి తగిలిన ప్రతి ముడీ అతని గుండెను పిండుతోంది. ఆ ముడులన్నీ అతని భార్య చెంగల్వ వేసినవి. చెంగల్వ ఇంట్లో లేదు. ఆమె ఎక్కడుందో లోకంలో ఇద్దరికే తెలుసు. ఒకడు సింగడు. రెండోవాడి పేరు చెప్పాలంటే గడిచిన ఫాల్గుణ మాసానికి వెళ్లాలి.

అప్పుడు చెంగల్వ వలలకు అడ్డతీగల నార తేవడానికి కారుమల్లె అడవికి వెళ్లింది. వెళ్లిన మనిషి సాయంత్రమైనా రాలేదు. సింగడు అడుగుల జాడ పట్టుకుని వెతుక్కుంటూ ఒక గుహ ముందుకు చేరాడు. లోపల మూడు పుర్రెల మధ్య నీలిమంట మండుతోంది. దాని ముందు కూర్చున్నవాణ్ణి చూసి సింగడు నిలువునా నీరయ్యాడు. రాజ్యమంతా చేతులెత్తి మొక్కే ఆస్థాన వైద్యుడు అమృతపాదుడు! పట్టుగుడ్డ లేదు, గంధపు బొట్టు లేదు. ఒళ్లంతా బూడిద, మెడలో ఎముకల దండ. మంట మీద మసిలే నల్లటి ద్రవాన్ని వెండి గిన్నెలో పోస్తూ, యువరాజు మణిధ్వజుడి పేరు జపిస్తున్నాడు. ఏడాదిగా యువరాజును మంచానికి అంటించిన మాయరోగం ఎవరి వంటకమో ఆ క్షణం అర్థమైంది.

గుహ మూలన ఒక లేడి వణుకుతూ నిలబడి ఉంది. చెంగల్వ నుదుట నెలవంక పచ్చబొట్టు ఉండేది. ఆ లేడి నుదుట అదే చోట, అదే వంపుతో తెల్లటి మచ్చ ఉంది.

"వచ్చావా నాయకా!" అని మాంత్రికుడు విరగబడి నవ్వాడు. "నీ పెళ్లాం చూడకూడనిది చూసింది. నోరుంటే కదా చెప్పేది! శాపం పెడితే గడువు చెప్పకుండా ఉండటం మా విద్యలో కుదరదు, విను. మూడు కాలాల రాజవేటలూ తప్పించుకుని, మూడో వేట మర్నాటి తొలికిరణం ఒంటిమీద పడితే ఇది మళ్లీ మనిషవుతుంది. అందాకా ఇక్కడ నువ్వు చూసిందీ విన్నదీ నీ నోటి నుంచి గాని, నీ సైగతో గాని మరో మనిషికి తెలిసిందా, ఆ క్షణమే దీని గుండె ఆగుతుంది."

"మూడు వేటలూ నడిపేది నేనేరా దుర్మార్గుడా!" అన్నాడు సింగడు పళ్లు కొరుకుతూ.

"అందుకే కదా ఈ తమాషా. రేపు కొలువులో నేను మహారాజుకు చెప్పబోయే మందు ఏమిటో తెలుసా? నుదుట నెలవంక ఉన్న లేడి గుండెకాయ!"

ఆ మాట ముగిసేలోగా లేడి గుహలోంచి అడవిలోకి దూకిపోయింది. అదీ కథ. అప్పటినుంచి సింగడు భార్యను చంపే వేటలకు తానే ఏర్పాట్లు చేస్తూ, ఆ ఏర్పాట్లలోనే ఆమెను కాపాడుకుంటూ బతుకుతున్నాడు. ఎండాకాలంలో లేడి నీటి వైపు వాకిలిలోంచి దూసుకుపోయింది. వానాకాలంలో మెరక వైపు వాకిలిలోంచి ఎగిరిపోయింది. రెండుసార్లూ తిన్నగా, తడబడకుండా పోయింది. తాను గాలివాటం చూసి తప్పెటలవాళ్లను నిలబెట్టిన నేర్పు వల్లే అలా జరిగిందని సింగడు లోలోపల మురిశాడు. పనిమంతులకు ఈ జబ్బు ఉంటుంది. మంచి జరిగితే అది తమ పనితనమేననుకుంటారు.

"అల్లుడా!" అని కొట్టం గుమ్మంలోంచి పిలుపు వినిపించింది.

వచ్చింది చెంగల్వ తల్లి ఓబెమ్మ. రాజుగారి వలలూ వేటకుక్కలూ ఆమె అదుపులో ఉంటాయి. కూతురు కనబడకుండా పోయిన నాటి నుంచి ఆమె అల్లుడి ఇంట మంచినీళ్లు ముట్టలేదు.

"కుక్కలకు కంబళ్లు కుట్టించినా. తప్పెటలు కాయను సండ్రకట్టెలు కొట్టించినా. ఇంకేం పనుంటే సెప్పు, సేసి పోతా."

"కూర్చో అత్తా."

"కూకోడానికి రాలేదు. ఒక్క మాట అడిగి పోతా. నా బిడ్డ యాడుంది?"

సింగడు ఇంకో ముడి పట్టుకుని లాగి చూశాడు.

"సచ్చిందని సెప్పు, ఏడ్సి ఊరుకుంటా. ఎవురితోనో పోయిందని సెప్పు, దుమ్మెత్తి పోసి ఊరుకుంటా. ఏమీ సెప్పకపోతే నేనేం సేసేది? పది నెల్లు. రోజూ రెండు కంచాలు పెట్టుకుంటాండా."

చెబితే ఆమె బిడ్డ చస్తుంది. చెప్పకపోతే ఈ తల్లి ఇలాగే చస్తూ బతుకుతుంది. మొగవాడు ఏడవకూడదంటారు గాని, ఆ అన్నవాడికి ఇలాంటి అత్త ఎదురుపడి ఉండదు. సింగడు వలలో మొహం దాచుకుని ఏడ్చాడు. ఓబెమ్మ అది చూసింది. ఏమనుకుందో ఏమో, వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

వేట రోజు రానే వచ్చింది. కారుమల్లె అడవి మీద మంచు పాలమీగడలా పేరుకుంది. కొండ అంచున రాజుగారి గుడారాలు, వాటి మీద ఎర్రటి పతాకాలు, బంగారు జీనులతో సకిలించే అరేబియా గుర్రాలు, వెండి గొలుసులతో పెనుగులాడే పాతిక వేటకుక్కలు. నిప్పుల చుట్టూ తప్పెటలు కాచుకుంటున్న మూడువందల మంది నోళ్లలోంచి పొగలు. చూసేవాళ్లకు కన్నులపండుగే. కాని ఆ వైభవం నడుమ నిలబడ్డ మహారాజు శరభకేతు మొహంలో చుక్క రక్తం లేదు.

"సింగా, నా బిడ్డ నిన్న నన్ను గుర్తుపట్టలేదయ్యా" అన్నాడు రాజు. "నువ్వెవరు అని అడిగాడు. రెండు వేటలు తప్పిపోయాయి. నిన్ను నేను ఒక్క మాట అనలేదు. ఈసారి మాత్రం ఆ లేడిని నాకు ఇప్పించు. రాజుగా అడగడం లేదు."

ఆ తండ్రి దుఃఖం అబద్ధం కాదు. అదే సింగడి ప్రాణానికి వచ్చింది.

పట్టుబట్టల్లో మెరిసిపోతూ అమృతపాదుడు ముందుకొచ్చాడు. "ప్రభూ, తల్లివాకిలి దగ్గర మంచుతో తడిసిన మూలికలు దొరుకుతాయి. యువరాజులవారి మందులో కలపాలి. నేనక్కడ నిలబడతాను. ఈసారి వాకిలి ఎటు, నాయకా?"

"చలికాలం కదా. తూర్పు" అన్నాడు సింగడు. అబద్ధం చెప్పినా లాభం లేదు, అందరికీ తెలిసిందే. వైద్యుడు చేయి ఊపినప్పుడు పట్టు అంగీ చేతిలోంచి సన్నటి ఊదుగొట్టం కొన కనిపించింది. దాంట్లో విషపు ముల్లుంటుందని వేరే చెప్పాలా?

సింగడి బుర్ర చకచకా పనిచేసింది. మంచు కమ్మి ఉండగానే గుర్రమెక్కి వలల వెంట పరుగు తీశాడు. ఓబెమ్మ తూర్పు వైపు గుంజలకు పగ్గాలు బిగిస్తోంది.

"అత్తా, ఇక్కడ వల కట్టేయండి. వాకిలి ఉత్తరాన, లోయ పక్కన విప్పండి. ఎవరికీ చెప్పొద్దు."

ఓబెమ్మ చేతిలో పగ్గం ఆగింది. "ఇదేం ఇడ్డూరం! సలికాలం వాకిలి తూరుపే గదా. మీ తాత నాటినుంచీ అంతే. నా బిడ్డుంటే ఈ మాటకు నవ్వేది. నడక రాని నాడే వాకిళ్లు ఎటెటో సెప్పేది అది."

ఆ మాట సింగడి చెవిన పడింది గాని తలకెక్కలేదు. తొందరలో ఉన్నవాడికి దేవుడొచ్చి చెప్పినా వినబడదు. "చెప్పింది చెయ్యత్తా!" అని గుర్రాన్ని మళ్లించాడు.

కొమ్ము మోగింది. మూడువందల తప్పెటలు ఒక్కసారి గొంతెత్తాయి. అడవి అదిరిపడింది. మంచుతెర చీల్చుకుంటూ అడవిపందులు, కణుజులు, దుప్పుల మందలు, నెమళ్లు, కుందేళ్లు ప్రాణాలు అరచేత పట్టుకుని ఉరికాయి. సింగడు ఉత్తరపు లోయ పక్క రాతి మీద నిలబడి ఊపిరి బిగబట్టాడు. గాలి తాననుకున్నట్టే వీస్తోంది. తప్పెటలు తాననుకున్నట్టే తరుముతున్నాయి. చూలు దుప్పి ఒకటి ఉత్తరపు వాకిలిలోంచి దాటిపోయింది. దాని వెనక ఇంకో రెండు పోయాయి. అదిగో, మంచులో తెల్లటి నెలవంక!

"ఇటు, చెంగల్వా, ఇటు" అని గొణిగాడు.

లేడి ఉత్తరపు వాకిలి ముందు క్షణం ఆగింది. తెరిచి ఉన్న దారిని చూసింది. చూసి, దాన్ని నమ్మక, తల తిప్పుకుని తిన్నగా తూర్పుకు పరుగు తీసింది.

సింగడికి అప్పుడు తెలిసింది. రెండుసార్లూ ఆమెను కాపాడింది అతని గాలివాటమూ కాదు, తప్పెటలూ కాదు. ఆమెకు కట్టుబాటు తెలుసు. ఏ కాలంలో ఎటు వాకిలి వదులుతారో పుట్టిన నాటి నుంచి తెలుసు. ఒంటికి నాలుగు కాళ్లొచ్చినా ఆ నమ్మకం మారలేదు. అలవాటు లేని చోట తెరిచిన వాకిలి ఆమెకు ఉచ్చులాగే కనబడింది. మాంత్రికుణ్ణి మోసం చేయబోయి భార్యను మోసం చేశాడు.

"వద్దు! అటు వద్దు!" అని అరుస్తూ గుర్రాన్ని దౌడు తీయించాడు. నాలుగు కాళ్ల జింకను నాలుగు కాళ్ల గుర్రం అందుకోలేదు. అతని కళ్ల ముందే లేడి గాలిలోకి లేచింది, ఖాళీ ఉండాల్సిన చోట తన చేత్తో అల్లిన వలను గుద్దుకుంది, కాళ్లూ మెడా చుట్టుకుని నేల మీద పడింది.

"దొరికింది ప్రభూ!" అని వైద్యుడి కేక కొండల్లో మారుమోగింది.

రాజు, సైనికులు, కుక్కలు చుట్టుముట్టారు. కట్టుబాటు ప్రకారం వలలో పడ్డ మృగానికి మొదటి పోటు వేటనాయకుడిది. రాజు తన ఈటెను సింగడికి అందించాడు. "గుండెకు దెబ్బ తగలకుండా చూడు సింగా. నా బిడ్డకు కావలసింది అదే."

లేడి కేకలు పెట్టలేదు, గింజుకోలేదు. ఒక ముడిని పళ్ల మధ్య బిగించి, తల ఎడమకు వాల్చి లాగుతోంది. ఒకసారి లాగి, వదిలి, మళ్లీ లాగింది. పక్కన కుక్కల పగ్గాలు పట్టుకున్న ఓబెమ్మ అది చూసింది. మృగాలు వలను కొరుకుతాయి, చింపుతాయి. ముడి ఎక్కడ వదులవుతుందో వెతికి, ఎడమకు వాల్చి లాగేది లోకంలో ఒక్కతే. చిన్నప్పుడు "పండ్లు అరుగుతాయే" అని ఎన్నిసార్లు తిట్టినా మానని పిల్ల.

ఓబెమ్మ మొహం తెల్లబోయింది. లేడి వంక, అల్లుడి వంక మార్చి మార్చి చూసింది. "అల్లుడా..." అంది. "అవునా అల్లుడా?"

సింగడు తల ఊపలేదు. ఊపితే సైగ అవుతుంది. కన్ను కూడా ఆర్పలేదు. కాని తెరిచిన కళ్లలోంచి కారే నీళ్లను ఆపడం అతని చేతిలో లేదు.

ఓబెమ్మకు ఇక జవాబు అక్కర్లేకపోయింది. పగ్గాలన్నీ చేతికి చుట్టుకుని, కుక్కలతో సహా దబ్బున నేల మీద కూలబడింది. సింగడు ఈటె ఎత్తాడు. ఒక్క వేటుతో వలను మోసే పెద్దమోకు తెంచాడు. వల జారి చుట్టూ ఉన్న గుర్రాల మీద పడింది. లేడి ముడుల్లోంచి విదిల్చుకుని లేచింది.

"కుక్కల్ని వదలండి!" అని రాజు అరిచాడు. ఓబెమ్మ పగ్గాలు వదల్లేదు. మహారాజు తన విల్లు తానే ఎక్కుపెట్టాడు. బాణం లేడి వెనక తొడలో దిగింది. అది తల్లివాకిలి అయ్యుంటే ఆ బాణం వేసే హక్కు రాజుకు ఉండేది కాదు. వాకిలి మూయించింది సింగడే.

"ద్రోహి! నా కొడుకును చంపేశావు!" అన్న రాజు గొంతు అరుపుగా మొదలై ఏడుపుగా ముగిసింది.

"పట్టుకోండి వాణ్ణి!" అన్నాడు వైద్యుడు. ఊదుగొట్టంలోంచి వచ్చిన ముల్లు సింగడి చెవి పక్కనుంచి పోయి ఒక సైనికుడి గుర్రానికి తగిలింది. గుర్రం నిలబడ్డ చోటే కుప్పకూలింది. సింగడు ఇద్దరు భటులను ఈటె కర్రతో పడగొట్టి, వైద్యుడి గుర్రమెక్కి, వలల వెంట ఉత్తరానికి దూసుకుపోయాడు. వెనక బాణాలు వానలా కురిశాయి. ఉత్తరపు వాకిలి దాటేసరికి గుర్రం డెక్క బండ మీద జారింది. మనిషీ గుర్రమూ లోయ అంచునుంచి గాలిలోకి విసిరినట్టు లేచారు. సింగడి చేతికి ఒక అడ్డతీగ దొరికింది. దాన్ని పట్టుకుని వేలాడాడు. అది తెగింది. కింద తీగ మీద పడ్డాడు. అదీ తెగింది. చివరికి ఒళ్లంతా చీరుకుపోయి వాగు ఇసుకలో పడ్డాడు. భార్య నార కోసం తెచ్చుకునే తీగలే అతని ప్రాణం నిలిపాయి.

పొద్దంతా నెత్తుటి జాడ వెతికాడు. ఆకు మీద ఒక చుక్క, రాతి మీద ఒక చుక్క. గాయపడ్డ మృగానికి దాహం ఆగదు. చలికాలంలో ఆ పక్కన ఎండని నీరు ఒక్కటే, రెల్లు చుట్టూ పెరిగిన నీలాల మడుగు. ఆమె అక్కడికే వస్తుందని అతనికి తెలుసు. అడ్డదారిన ముందుగా చేరి, బాణం తీసి కట్టు కట్టడానికి తలపాగా చింపి, పసరు నూరి, రెల్లులో కూర్చున్నాడు. అదీ వేట ఏర్పాటే.

పొద్దు వాలుతుండగా లేడి వచ్చింది. కుంటుతూ వచ్చింది. నీటికి నాలుగడుగుల దూరంలో ఆగి ముక్కు పైకెత్తింది.

"చెంగల్వా" అని సింగడు లేచాడు.

లేడి వెనక్కి గెంతింది. కళ్లలో భయం. పులిని చూసినప్పటి భయం కాదది, నమ్మినవాణ్ణి చూసిన భయం. అతను చేతులు చాపి ఒక అడుగు వేశాడు. అది రెండడుగులు వెనక్కి వేసింది. గాయంలోంచి నెత్తురు చిమ్మింది. అతను ఆగాడు. అదీ ఆగింది. నాలుక బయటపెట్టి రొప్పుతూ నీటి వంక చూసింది, అతని వంక చూసింది. నీటి దగ్గరికి రాలేదు.

ఆ నీళ్లు తాగితే తెల్లారేదాకా బతుకుతుంది. తెల్లారితే తొలికిరణం పడుతుంది, రెండు కాళ్ల మీద నిలబడుతుంది. తాగకపోతే బతకదు. తాగకపోవడానికి కారణం అతను.

"నేను కట్టేయించాను తూర్పు వాకిలి" అన్నాడు సింగడు. ఈ మాట చెప్పడానికి శాపం అడ్డు లేదు, విన్నది మనిషి కాదు. "నిన్ను కాపాడదామనే చేశాను. వాకిళ్లు నీకు తెలుసని నాకు తెలియలేదే, పిచ్చిదానా."

దూరాన తప్పెటలు మోగాయి. ఎక్కడ ఎంత దూరంలో నిలబడాలో, ఎంత గట్టిగా కొట్టాలో ఆ మనుషులకు నేర్పింది అతనే. వాళ్లు మడుగు చుట్టూ వలయం బిగిస్తున్నారు. ఇప్పుడు మృగం తనే. ఇక్కడే ఉంటే తనతో పాటు ఆమె కూడా దొరుకుతుంది.

నూరిన పసరు ఆకులో పొట్లం కట్టి నీటి ఒడ్డున పెట్టాడు. రేపు ఆమెకు చేతులొస్తే పనికొస్తుంది. ఆ చేతులు చూడటానికి తను ఇక్కడ ఉండడు. ఆమె లేచి, గాయం చూసుకుని, ఏమనుకుంటుందో! భర్త వల వేశాడనే అనుకుంటుంది. కాదని చెప్పడానికి తను బతికి ఉంటాడో లేదో.

సింగడు మడుగుకు వీపు తిప్పి నడిచాడు. పదడుగులు వేశాడు. ఇరవై వేశాడు. వెనక నీటి మీద నాలుక ఆడిన చప్పుడు వినిపించింది. ముందు భయం భయంగా, తర్వాత ఆబగా తాగుతోంది. ఒక్కసారి చూడాలని ప్రాణం కొట్టుకుంది. తిరిగితే తాగడం ఆపేస్తుందని తిరగలేదు.

ఎదుట మంచులోంచి మొదటి కుక్క మొరిగింది.

"ఇక్కడున్నానురా, ఇటు రండి!" అని గొంతు చించుకుని అరిచి, భైరిసింగడు మడుగుకు దూరంగా, పడమటి లోయలోకి పరుగు తీశాడు.